డాక్టర్ గారి ఆరు హ్యాట్రిక్‌లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ఇదే పేజీలో ఒక చిన్న బాక్సు వార్త వేశాం. స్కాట్లండ్ దిగువ లీగుల్లో చాలా కాలం ఆడి రిటైరైన కెన్నీ డ్యూకర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు చదువు రీత్యా వైద్యుడనీ, 2004-05 సీజన్‌లో గ్రెట్నా అనే చిన్న ఊరి జట్టు తరఫున ఆరు హ్యాట్రిక్‌లు సాధించారనీ, అది రికార్డనీ, ఆ క్లబ్బు 2006లో స్కాటిష్ కప్ ఫైనల్ దాకా వెళ్లి రెండేళ్లకే మూతపడిందనీ అందులో రాశాం. నాలుగు వాక్యాల ఆ వార్తకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేం అనుకోలేదు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఈసారి పేజీ మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మూడో ఏడాదిలో క్లినిక్స్ మొదలైనప్పటి నుంచి మాకు సాయంత్రం హాస్టల్ ముందు షటిల్ ఆడే తీరిక కూడా ఉండడం లేదు. వైద్యం చదివి, ఆస్పత్రిలో డ్యూటీలు చేస్తూ, జీతమిచ్చే క్లబ్బుకు ఒక మనిషి ఫుట్‌బాల్ ఎలా ఆడగలిగారు? – వైద్య విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. డ్యూకర్ 1980లో స్కాట్లండ్ నడిబొడ్డున ఉన్న స్టర్లింగ్‌లో పుట్టారు. ఫాల్కర్క్ క్లబ్బులో మొదలుపెట్టి, ఈస్ట్ ఫైఫ్‌లో ఆడి, 2004లో గ్రెట్నాకు చేరారు. గోల్ దగ్గర నిలబడి, తల మీదుగా వచ్చే బంతిని వదలని పొడగరి స్ట్రైకర్‌గా ఆయనకు పేరు. గ్రెట్నాలో ఆయన పేరు మోగిపోతున్న రోజుల్లో కూడా ఆస్పత్రి పని ఆయనకు ఉండనే ఉంది.

ఇది సాధ్యపడడానికి కారణం ఆయన పట్టుదల ఒక్కటే కాదు, అక్కడి ఆట ఏర్పాటు కూడా. స్కాట్లండ్‌లో మూడో, నాలుగో అంచె క్లబ్బుల్లో చాలావరకు పార్ట్‌టైమ్ క్లబ్బులే. ఆటగాళ్లు పగలంతా తమ ఉద్యోగం చూసుకుని, వారంలో రెండు సాయంత్రాలు, సాధారణంగా మంగళ, గురువారాల్లో, ఫ్లడ్‌లైట్ల కింద సాధనకు వస్తారు. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మ్యాచ్ ఆడతారు. డ్రెస్సింగ్ రూములో ఒకరు ఎలక్ట్రీషియన్ అయితే పక్కనున్నవారు స్కూల్లో పాఠాలు చెప్పేవారు కావచ్చు. అర్బ్రోత్ జట్టుకు ఏళ్ల తరబడి ఆడిన వింగర్ బాబీ లిన్ పగలు మునిసిపల్ చెత్త లారీ మీద పనిచేసేవారు. క్లబ్బు ఇచ్చే డబ్బు ఇంటి ఖర్చుకు చేదోడు అవుతుందే తప్ప, ఇల్లు నడపదు. ఒక దశలో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ క్లబ్బు తన ఆటగాళ్లకు వారానికి 10 పౌండ్లు మాత్రమే ఇచ్చేది. బస్సు ఛార్జీలకు కూడా అది చాలదు, అయినా ఆడేవారు ఉండేవారు.

అయితే పగలు మాత్రమే పనిచేసే ఉద్యోగికీ వైద్యుడికీ తేడా ఉంది. రాత్రి డ్యూటీలు, శనివారం డ్యూటీలు వైద్యుడికి తప్పవు. రాత్రంతా వార్డులో నిలబడిన కాళ్లతో మర్నాడు తొంభై నిమిషాలు పరుగెత్తడం ఎంత కష్టమో మీకు మేం చెప్పనవసరం లేదు. ఈ దారిలో నడిచినవారు ఆయనకు ముందూ ఉన్నారు. 1982 ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌కు నాయకత్వం వహించిన సోక్రటీస్ వైద్య పట్టా ఉన్నవారు. మన దేశంలోనైతే, 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు తొలి కెప్టెన్‌గా వెళ్లిన తాలిమెరెన్ ఆవో కలకత్తాలో వైద్యం చదువుకున్న నాగా యువకుడు. ఆట ముగించాక సొంత ప్రాంతానికి వెళ్లి వైద్య సేవలోనే జీవితం గడిపారు.

ప్రశ్న: దిగువ లీగ్ అంటే మన జిల్లా స్థాయి పోటీల వంటిదా? ఆ మ్యాచ్‌లకు జనం వస్తారా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: జిల్లా పోటీల కంటే పైమెట్టు, మనం టీవీలో చూసే యూరప్ ఫుట్‌బాల్ కంటే చాలా మెట్లు కింద. డ్యూకర్ గ్రెట్నాకు వచ్చిన రోజుల్లో స్కాట్లండ్‌లో పై శ్రేణి ప్రీమియర్ లీగ్‌లో 12 క్లబ్బులు, దాని కింద ఫస్ట్, సెకండ్, థర్డ్ డివిజన్లలో పదేసి చొప్పున మొత్తం 42 క్లబ్బులు ఉండేవి. 2013లో పేర్లు మారాయి గానీ లెక్క అదే. పది క్లబ్బుల డివిజన్‌లో ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో నాలుగేసి సార్లు తలపడాలి, అంటే ఏడాదికి 36 మ్యాచ్‌లు. ఒకే సెంటర్ హాఫ్‌ను, అంటే గోల్ ముందు కాపు కాసే డిఫెండర్‌ను, ఒక స్ట్రైకర్ ఏడాదిలో నాలుగు సార్లు ఎదుర్కొంటాడు. మొదటిసారి పనిచేసిన ఎత్తు నాలుగోసారి పనిచేయదు. అక్కడ గోల్స్ కొడుతూనే ఉండడం బయటివారు అనుకున్నంత తేలిక కాదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇక జనం మాటకు వస్తే, వందల్లో వస్తారు. కొన్ని చోట్ల ఐదారు వందలు వస్తే మంచి శనివారం కింద లెక్క. గేటు దగ్గర టికెట్ చింపేవారు, టీ కెటిల్ దగ్గర నిలబడేవారు, గడ్డి చూసుకునేవారు చాలామంది జీతం లేని ఊరివాళ్లే. అర్బ్రోత్ మైదానం ఉత్తర సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. గాలి ఎదురు కొట్టిన రోజున గోల్‌కీపర్ పైకి తన్నిన బంతి తిరిగి అతని వైపే వస్తుంది, పోటు మీద ఉన్నప్పుడు కెరటాల తుంపర గోడ దాటి ప్రేక్షకుల మీద పడుతుంది. 1885 సెప్టెంబర్ 12న ఆ ఊరి జట్టు బాన్ అకార్డ్ అనే జట్టును 36–0 తేడాతో ఓడించింది, అందులో 13 గోల్స్ జాన్ పెట్రీ అనే కుర్రవాడివి. ఇలాంటి జ్ఞాపకాలను ఊళ్లు భద్రంగా దాచుకుంటాయి. తాత కూర్చున్న చోటే మనవడు కూర్చునే మైదానాలవి.

ప్రశ్న: క్రికెట్‌లో హ్యాట్రిక్ అంటే వరుస బంతుల్లో మూడు వికెట్లు. ఫుట్‌బాల్‌లో వరుసగా మూడు గోల్స్ కొట్టాలా? ఆరు హ్యాట్రిక్‌లు నిజంగా రికార్డేనా, లేక కింది స్థాయి కాబట్టి వచ్చినవా? – క్రికెట్ అభిమాని, గుంటూరు

జవాబు: ఫుట్‌బాల్‌లో ఒకే ఆటగాడు ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొడితే హ్యాట్రిక్ అంటారు, వాటి మధ్య వేరేవారు గోల్ చేసినా ఫరవాలేదు. మాట మాత్రం క్రికెట్ నుంచే వచ్చింది.

రికార్డు విషయంలో మా బాక్సు వార్తకు కొంత చేర్పు అవసరం. 1960-61లో ఇంగ్లండ్ పై శ్రేణిలో చెల్సీ తరఫున జిమ్మీ గ్రీవ్స్ 41 లీగ్ గోల్స్ కొట్టి, ఆరు హ్యాట్రిక్‌లు చేశారు. డ్యూకర్ ఆరో హ్యాట్రిక్ పూర్తి చేసినప్పుడు గ్రీవ్స్ సరసన చేరారని అందరూ రాశారు. కానీ అంతకు ముందు, 1926-27లో, ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో మిడిల్స్‌బ్రో ఆటగాడు జార్జ్ కామ్‌సెల్ 59 గోల్స్ కొడుతూ తొమ్మిది హ్యాట్రిక్‌లు చేశారు. ఆ మరుసటి ఏడాదే స్కాట్లండ్ రెండో డివిజన్‌లో ఎయిర్ యునైటెడ్ ఆటగాడు జిమ్మీ స్మిత్ 66 లీగ్ గోల్స్ కొట్టారు. ఆ సంఖ్యను బ్రిటన్‌లో ఇప్పటికీ ఎవరూ దాటలేదు. కాబట్టి ఆరు అనే సంఖ్యను ఆధునిక కాలానికి సంబంధించిన ఘనతగా చూడడం సరైనది.

కింది స్థాయి కాబట్టి వచ్చినవా అన్న ప్రశ్నకు దాటవేత లేకుండా జవాబు చెబుతాం. ఆ ఏడాది థర్డ్ డివిజన్‌లో గ్రెట్నా మిగతా తొమ్మిది జట్ల కంటే చాలా బలమైనది. 36 మ్యాచ్‌లలో 32 గెలిచి, 130 గోల్స్ కొట్టి, 98 పాయింట్లతో నిలిచిన జట్టులో స్ట్రైకర్‌కు అవకాశాలు ఎక్కువ వస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ అవకాశాలు జట్టులో మిగతావారికీ వచ్చాయి. డ్యూకర్ ఒక్కరే ఆ సీజన్‌లో 38 గోల్స్ కొట్టారు. మూడో గోల్ పడ్డాక కూడా నాలుగో దాని కోసం పరుగెత్తే ఆకలి అందరికీ ఉండదు. గుంటూరులో క్లబ్ క్రికెట్ చూసినవారికి ఈ మాట తెలిసే ఉంటుంది. బౌలింగ్ బలహీనంగా ఉన్న రోజున కూడా సెంచరీ కొట్టేది ఒకరిద్దరే.

ప్రశ్న: అంత చిన్న క్లబ్బు ఆటగాడు బ్రిటన్ అంతటా ఎలా తెలిశారు? – జర్నలిజం విద్యార్థి, వరంగల్

జవాబు: ఒక టీవీ వ్యాఖ్యాత పెట్టిన ముద్దుపేరు వల్ల. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం పావు తక్కువ మూడు నుంచి ఐదుంబావు దాకా ఫుట్‌బాల్ మ్యాచ్‌లను ప్రత్యక్ష ప్రసారం చేయకూడదన్న నిబంధన ఉంది. ఇంట్లో కూర్చుని పెద్ద జట్ల ఆట చూసే వీలుంటే ఊరి మైదానాలు ఖాళీ అవుతాయన్న భయంతో పెట్టుకున్న నిబంధన అది. అందువల్ల స్కై స్పోర్ట్స్ వారి శనివారం కార్యక్రమంలో మ్యాచ్ కనిపించదు. స్టూడియోలో కూర్చున్నవారు చెప్పే కబుర్లూ, తెర కింద అక్షరాల్లో ఒక్కొక్కటిగా వచ్చే స్కోర్లూ మాత్రమే ఉంటాయి. ఆ కార్యక్రమం నడిపిన జెఫ్ స్టెల్లింగ్, గ్రెట్నా స్కోరు పడినప్పుడల్లా ‘మంచి డాక్టర్’ మళ్లీ గోల్ కొట్టారంటూ సంబరంగా ప్రకటించేవారు. ఆ సీజన్‌లో గ్రెట్నా స్కోర్లు చాలాసార్లే పడ్డాయి కదా. గ్రెట్నా ఎక్కడుందో తెలియనివారికి కూడా ఆ విధంగా డాక్టర్ గారు పరిచయమయ్యారు.

ఆటను చూడకుండా స్కోరు వినే అలవాటు బ్రిటన్‌లో చాలా పాతది. రేడియోలో ఫలితాలు చదివేవారికి ‘ఈస్ట్ ఫైఫ్ ఫోర్, ఫార్ఫర్ ఫైవ్’ అన్న ఫలితం ఎప్పుడు వచ్చి నోరు తిరగకుండా చేస్తుందోనని తరాల తరబడి అక్కడివారు చెప్పుకునేవారు. మన దగ్గర ఆకాశవాణిలో రంజీ స్కోర్లు విని ఆటగాళ్లను ఊహించుకున్న తరానికి ఇది వివరించనక్కరలేదు.

ప్రశ్న: ప్రేమికులు ఇంట్లోంచి పారిపోయి పెళ్లి చేసుకునే ఊరు గ్రెట్నా అని ఎక్కడో చదివాను. అదీ ఇదీ ఒకటేనా? – గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చదివింది గ్రెట్నా గ్రీన్ గురించి. అది గ్రెట్నాను ఆనుకునే ఉంటుంది. 1753లో ఇంగ్లండ్‌లో వచ్చిన వివాహ చట్టం 21 ఏళ్లు నిండనివారి పెళ్లికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. స్కాట్లండ్‌కు ఆ చట్టం వర్తించలేదు. అందుకని సరిహద్దు దాటగానే తగిలే మొదటి ఊళ్లో, కమ్మరి దాగలి ఎదుట, సాక్షుల సమక్షంలో పెళ్లి చేసుకునే ఆచారం మొదలైంది. ఇప్పటికీ అక్కడికి వెళ్లి సరదాగా పెళ్లి చేసుకునేవారు వేల సంఖ్యలో ఉన్నారు.

సరిహద్దు ఊరు కావడం క్లబ్బు కథలోనూ కీలకమే. 1946లో పుట్టిన గ్రెట్నా క్లబ్బు స్కాట్లండ్‌లో ఉంటూనే దశాబ్దాల పాటు ఇంగ్లండ్ స్థానిక లీగుల్లో ఆడింది. 2002లో ఎయిర్‌డ్రీ క్లబ్బు అప్పుల్లో మునిగి మూతపడడంతో స్కాటిష్ లీగ్‌లో ఒక స్థానం ఖాళీ అయింది, ఆ స్థానం గ్రెట్నాకు దక్కింది. మూడు వేల లోపు జనాభా ఉన్న ఊరికి అది పెద్ద పండుగ. ఒక క్లబ్బు దివాలా తీస్తే దొరికిన చోటు అదని ఆ రోజు ఎవరూ పెద్దగా ఆలోచించి ఉండరు.

ప్రశ్న: గ్రెట్నా కప్ ఫైనల్ దాకా వెళ్లిందని రాశారు. ఆ మ్యాచ్ ఎలా జరిగింది? – బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఆ మ్యాచ్ గురించి రాయడానికి అవకాశమిచ్చినందుకు మీకు కృతజ్ఞతలు. 2006 మే 13, గ్లాస్గోలోని హాంప్డెన్ పార్క్. 51 వేల మందికి పైగా ప్రేక్షకులు, అంటే గ్రెట్నా ఊరి జనాభాకు పదిహేను రెట్ల కంటే ఎక్కువ. ఎదుటి జట్టు ఎడిన్‌బరో నుంచి వచ్చిన హార్ట్స్, ఆ ఏడాది ప్రీమియర్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు. గ్రెట్నా అప్పటికి సెకండ్ డివిజన్‌లో ఉంది, అంటే మూడో అంచె. మూడో అంచె నుంచి స్కాటిష్ కప్ ఫైనల్‌కు వచ్చిన మొదటి క్లబ్బు అదే. సెమీఫైనల్‌లో తమ కంటే పై డివిజన్‌లోని డండీని 3–0తో ఓడించి వచ్చింది. ముందు వరుసలో జేమ్స్ గ్రేడీ పక్కన డాక్టర్ డ్యూకర్.

మొదటి సగంలో రూడీ స్కాట్సెల్ గోల్‌తో హార్ట్స్ ముందుకు వెళ్లింది. పెద్ద జట్టు ఇక మెల్లగా మ్యాచ్‌ను లాగేసుకుంటుందని చూసేవారు అనుకోవడం సహజం. కానీ రెండో సగంలో గ్రెట్నా వెనక్కి తగ్గలేదు. 76వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది. ర్యాన్ మెక్‌గఫీ బంతిని తన్నారు. హార్ట్స్ గోల్‌కీపర్ క్రెయిగ్ గోర్డన్ దూకి దాన్ని ఆపేశారు. గోర్డన్ అప్పటికే స్కాట్లండ్ జాతీయ జట్టు కీపర్, కాబట్టి ఆపడంలో ఆశ్చర్యం లేదు. అయితే బంతి ఆయన చేతికి చిక్కకుండా వెనక్కి వచ్చింది. మెక్‌గఫీ తల పట్టుకుని నిలబడిపోలేదు. తన్నిన ఊపులోనే ముందుకు సాగి, వెనక్కి వచ్చిన బంతిని లోపలికి నెట్టారు. ఒక్క క్షణంలో ఓటమీ గెలుపూ రెండూ చూసిన మనిషి ఆయన.

1–1. అదనపు సమయంలోనూ తేలలేదు, హార్ట్స్ జట్టులో పాల్ హార్ట్‌లీని రెఫరీ బయటికి పంపినా తేలలేదు. షూటౌట్‌లో డెరెక్ టౌన్స్లీ కొట్టిన పెనాల్టీని గోర్డన్ ఆపారు. గావిన్ స్కెల్టన్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి తిరిగి వచ్చింది. హార్ట్స్ 4–2తో కప్ గెలిచింది. స్కెల్టన్ పేరు గుర్తుపెట్టుకోండి, కింద ఇంకో ఉత్తరానికి జవాబులో మళ్లీ వస్తుంది.

హార్ట్స్ లీగ్ ద్వారా ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీలకు వెళ్లినందువల్ల, కప్ రన్నరప్‌గా గ్రెట్నాకు యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ అయిన యూఈఎఫ్ఏ కప్‌లో ఆడే అవకాశం వచ్చింది. ఐర్లండ్ లీగ్‌లో ఆడే డెర్రీ సిటీ చేతిలో తొలి మ్యాచ్ 5–1తో ఓడి, రెండోది 2–2 డ్రా చేసుకుని ఇంటిదారి పట్టింది.

ప్రశ్న: అంత ఎత్తుకు ఎదిగిన క్లబ్బు రెండేళ్లలో ఎలా మాయమైంది? తప్పెవరిది? – వ్యాపారి, నిజామాబాద్

జవాబు: మీరు వ్యాపారం చేసేవారు కనుక లెక్కలోంచే మొదలుపెడదాం. గ్రెట్నా వారి రేడేల్ పార్క్ చిన్న మైదానం. ఊరంతా వచ్చినా ఆ గేటు వసూళ్లతో పై డివిజన్ ఆటగాళ్లకు జీతాలివ్వడం కుదరదు. ఆ లోటును తన సొంత డబ్బుతో పూడ్చినవారు సండర్లాండ్‌లో పుట్టిన వ్యాపారవేత్త బ్రూక్స్ మైల్సన్. ఆయన గ్రెట్నాకే కాదు, కష్టాల్లో ఉన్న అనేక చిన్న క్లబ్బులకూ అభిమాన సంఘాలకూ సాయం చేసిన మనిషి. ఆయన ఉద్దేశాన్ని శంకించడానికి మాకు ఏ ఆధారమూ కనిపించదు. రోవన్ అలెగ్జాండర్ మేనేజర్‌గా ఉన్న కాలంలో జట్టు వరుసగా మూడేళ్లలో మూడు డివిజన్లు గెలిచింది: 2005లో థర్డ్, 2006లో సెకండ్, 2007లో ఫస్ట్. ఆ చివరిది చివరి రోజు చివరి నిమిషాల్లో దక్కింది. రాస్ కౌంటీ మైదానంలో అదనంగా ఇచ్చిన నిమిషాల్లో జేమ్స్ గ్రేడీ కొట్టిన గోల్‌తో 3–2గా గెలిచి, టైటిల్ పోటీలో ఉన్న సెయింట్ జాన్‌స్టన్ క్లబ్బును వెనక్కి నెట్టింది.

ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చాక రేడేల్ పార్క్ నిబంధనలకు సరిపోలేదు. ఆ లీగ్‌లో ఆడాలంటే అప్పట్లో మైదానంలో కనీసం ఆరు వేల సీట్లు ఉండవలసి వచ్చేది. దాంతో గ్రెట్నా తన ‘సొంత’ మ్యాచ్‌లను వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మదర్‌వెల్ క్లబ్బువారి ఫర్ పార్క్‌లో ఆడవలసి వచ్చింది. మా దృష్టిలో క్లబ్బుకు అసలు దెబ్బ తగిలింది ఇక్కడే. ఊరి జట్టు ఊళ్లో ఆడడం మానేసింది. మదర్‌వెల్ వాళ్లకు అది తమ జట్టు కాదు, గ్రెట్నా వాళ్లకు అది తమ మైదానం కాదు. 2008 ఏప్రిల్‌లో ఇన్వర్నెస్‌తో జరిగిన మ్యాచ్‌కు వచ్చినవారు 431 మంది. దేశంలోని అత్యున్నత శ్రేణి మ్యాచ్‌కు వచ్చిన సంఖ్య అది.

2008 మొదట్లో మైల్సన్ తీవ్రంగా జబ్బుపడ్డారు, డబ్బు ఆగిపోయింది. మార్చిలో క్లబ్బు దివాలా చట్టం కింద నియమితులైన నిర్వాహకుల చేతికి వెళ్లింది, శిక్షగా పది పాయింట్లు కోత పడ్డాయి. సీజన్‌ను మధ్యలో ఆపకుండా ముగించడానికి లీగే ముందుకు వచ్చి డబ్బు సర్దింది. జూన్ నెలలో క్లబ్బు లీగ్ నుంచి తప్పుకుంది. ఆ ఖాళీ స్థానం పొరుగునే ఉన్న అన్నన్ అథ్లెటిక్‌కు దక్కింది. మైల్సన్ అదే ఏడాది నవంబర్‌లో మరణించారు.

తప్పెవరిదని అడిగారు. ఒక మనిషి ఆరోగ్యం మీద, ఒక మనిషి ఖాతా మీద ఒక ఊరి క్లబ్బును నిలబెట్టడం తప్పు, ఆ మనిషి ఎంత మంచివారైనా సరే. కప్ ఫైనల్ సంతోషం నిజమైనదే, అయినా ఈ మాటను మెత్తగా చెప్పి వదిలేయడం మాకు సమ్మతం కాదు. జీతాలు ఆగిపోయిన ఆటగాళ్లూ, క్లబ్బు కార్యాలయంలో పనిచేసినవారూ ఆ వసంతంలో అనుభవించిన కష్టం కూడా నిజమైనదే.

ఇప్పుడు స్కెల్టన్ సంగతి. 2008 మే 13న, కప్ ఫైనల్ జరిగి సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున, గ్రెట్నా తన చిట్టచివరి మ్యాచ్ ఆడింది. ఎదుటి జట్టు మళ్లీ హార్ట్స్. గ్రెట్నా 1–0తో గెలిచింది. ఆ గోల్ కొట్టింది గావిన్ స్కెల్టన్.

ప్రశ్న: మా నాన్నగారి కాలంలో హైదరాబాద్ ఆటగాళ్లు పోలీసు ఉద్యోగం చేస్తూ దేశం తరఫున ఆడారు. స్కాట్లండ్ పద్ధతి అదే కాదా? – పాత ఫుట్‌బాల్ అభిమాని, సికింద్రాబాద్

జవాబు: దగ్గరి పోలిక ఉంది, ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఉద్యోగం ఇచ్చేదీ, జట్టు నడిపేదీ ఒకే సంస్థ. ఆటే ఉద్యోగానికి దారి. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం స్వయంగా ఉపాధ్యాయుడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన కోచ్ ఆయనే. స్కాట్లండ్ పార్ట్‌టైమ్ ఆటగాడికి ఉద్యోగం ఒకరిస్తారు, ఆట మరొకచోట ఆడతాడు. ఒకదానికి ఇంకొకటి ఏ విధంగానూ పూచీ పడదు. గ్రెట్నా మూతపడితే డ్యూకర్ వైద్య పట్టాకు నష్టం లేదు. అదే విధంగా, ఆయన ఎన్ని గోల్స్ కొట్టినా ఆస్పత్రిలో పదోన్నతి రాదు. ఈ విషయంలో ఏ పద్ధతి మేలు అని మీరు అడగలేదు గానీ, మన నగరంలో ఆ సంస్థాగత జట్లు బలహీనపడినకొద్దీ ఫుట్‌బాల్ కూడా వాడిపోవడం చూసినవారిగా మాకు అక్కడి ఊరి క్లబ్బుల మీద కొంత మోజు ఉన్న మాట వాస్తవం.

ప్రశ్న: అంత ప్రతిభ ఉన్నవారు వైద్యం వదిలేసి పూర్తిగా ఆట మీదే దృష్టి పెట్టి ఉంటే పెద్ద క్లబ్బుకు వెళ్లేవారు కదా? గ్రెట్నా తర్వాత ఏం చేశారు? – డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఆయన పెద్ద స్థాయి చూడనివారేమీ కాదు. గ్రెట్నాలో ఉండగానే ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌కు కొంతకాలం అరువు మీద వెళ్లారు. పెర్త్ నగరపు క్లబ్బు సెయింట్ జాన్‌స్టన్‌కు కూడా ఆడారు. మన క్రికెట్ అభిమానులకు తెలిసిన పెర్త్ ఆస్ట్రేలియాలోది, ఇది ఆ పేరుకు మూలమైన స్కాట్లండ్ పెర్త్. 2008లో, గ్రెట్నా కూలిపోతున్న రోజుల్లోనే, అమెరికా వెళ్లి రియల్ సాల్ట్ లేక్ జట్టులో చేరారు. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. తిరిగి వచ్చి హామిల్టన్ అకడమికల్‌లోనూ, మళ్లీ సెయింట్ జాన్‌స్టన్‌లోనూ, తర్వాత లివింగ్‌స్టన్‌లోనూ ఆడారు. మధ్యలో స్కాట్లండ్ పై శ్రేణిలో ఆడే అవకాశమూ దక్కింది. అయితే థర్డ్ డివిజన్‌లో కురిసినట్టు అక్కడ గోల్స్ కురవలేదు. పై మెట్టులో డిఫెండర్లకు వేగం ఎక్కువ, స్ట్రైకర్‌కు దొరికే జాగా తక్కువ.

వైద్యం వదిలేసి ఉంటే ఏమయ్యేదన్న మీ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది: పై మెట్టు చేరని ఆట వృథా అన్న నమ్మకం. మేం దానితో ఏకీభవించలేం. ఆ దేశంలోనే ఇంకో ఉదాహరణ చూడండి. ఆండీ రాబర్ట్‌సన్ 2012-13లో థర్డ్ డివిజన్‌లోని క్వీన్స్ పార్క్‌కు డబ్బు తీసుకోకుండా ఆడారు. 1867లో పుట్టిన ఆ క్లబ్బు 2019 దాకా ఆటగాళ్లకు జీతమివ్వని సంప్రదాయాన్ని నిలబెట్టుకుంది. రాబర్ట్‌సన్ తర్వాత లివర్‌పూల్‌కు వెళ్లి యూరప్ విజేత అయ్యారు, స్కాట్లండ్ కెప్టెన్ అయ్యారు. ఆ ఏడాది అదే డివిజన్‌లో ఆయనతో కలిసి ఆడినవారిలో చాలామంది సోమవారం ఉదయం తమ ఉద్యోగాలకు వెళ్లారు, మరుసటి శనివారం మళ్లీ బూట్లు కట్టుకున్నారు. వాళ్లది ఓడిపోయిన జీవితమని అనడానికి మాకు నోరు రాదు. డ్యూకర్ గురించి కూడా అంతే. మీరు చదువుకుంటూ ఆడుతున్నవారైతే, ఏది వదిలేయాలన్న ప్రశ్నను ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు; రెండూ నడపగలిగినన్నాళ్లు నడపండి, పరీక్షల నెలలో మాత్రం సాధన తగ్గించుకోండి.

ప్రశ్న: నేను ఉద్యోగరీత్యా ఏడాదిగా ఎడిన్‌బరోలో ఉంటున్నాను. ఆ మైదానం ఇప్పుడు ఉందా? వెళ్తే చూడడానికి ఏమైనా ఉంటుందా? – ఒక పాఠకుడు, ఎడిన్‌బరో

జవాబు: ఉంది. పాత క్లబ్బు పోయిన ఏడాదే అభిమానులు తమ డబ్బు పోగుచేసుకుని గ్రెట్నా 2008 అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. మొదట అన్నన్ పట్టణంలో ఆడి, తర్వాత రేడేల్ పార్క్‌కు తిరిగి వచ్చారు. 2013లో లోలాండ్ లీగ్ ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపక సభ్యులలో గ్రెట్నా 2008 ఒకటి. అది 42 క్లబ్బుల పెద్ద లీగుకు కింది అంచె. మీరు రైల్లో కార్లైల్ దాకా వెళ్లి, అక్కడ డంఫ్రీస్ వైపు వెళ్లే బండి మారితే గ్రెట్నా గ్రీన్ స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి మైదానానికి నడిచి వెళ్లేంత దూరమే. బయలుదేరే ముందు ఆ వారం మ్యాచ్ సొంత మైదానంలోనేనా, బయటి ఊళ్లోనా అన్నది క్లబ్బు వెబ్‌సైట్‌లో చూసుకోండి. శనివారం మూడు గంటలకు మ్యాచ్ కనుక, రెండున్నరకల్లా గేటు దగ్గర ఉంటే కంచె పక్కన నిలబడే చోటు తేలిగ్గా దొరుకుతుంది. చలికోటు మరిచిపోకండి. మీరు చూసి వచ్చాక రెండు మాటలు రాసి పంపితే ఈ పేజీలోనే వేస్తాం.